విశాఖలో సముద్రం పక్కన ఫ్లాట్ కొంటున్నారా? ముందు ఇవి చూడండి

పిల్లలతో ఉండేవాళ్లయితే నా ఓటు ఎంవీపీ కాలనీకే. రైతు బజార్, స్కూళ్లు, ఆసుపత్రులు అన్నీ దగ్గరే, సాయంత్రం కాసేపు బీచ్‌కి వెళ్లి రావచ్చు. రుషికొండ వైపు వ్యూ బాగుంటుంది, కానీ రోజూ ఊళ్లోకి వచ్చి పోవాలంటే విసుగొస్తుంది.

బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తోందని వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయకండి. ఉప్పు గాలికి గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, గీజర్ అన్నీ త్వరగా తుప్పు పడతాయి, అందుకే పాత బిల్డింగ్ అయితే పార్కింగ్‌లోకి దిగి స్తంభాలు, పైన మేడ మీద స్లాబ్ చూడండి, పెచ్చులు ఊడి లోపలి ఇనుము కనిపిస్తుంటే ఎంత తగ్గించినా వద్దు. బోరు నీళ్లు ఒక గుక్క నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే మున్సిపల్ కనెక్షన్ ఉందా, రోజూ వస్తుందా అని వాచ్‌మన్‌ని అడగండి (బ్రోకర్‌ని కాదు). 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీల సంగతేమైంది, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది, ఇవి పక్క ఫ్లాట్ ఆంటీ చెప్పినంత వివరంగా ఎవరూ చెప్పరు.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆమోదించిన ప్లాన్ మామూలే. ఆ సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో తప్పకుండా చూడాలి. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు అయితే సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నియంత్రణ) నిబంధనలు కూడా వర్తిస్తాయి కాబట్టి ఆ అనుమతి కాపీ లాయర్‌కి చూపించాకే అగ్రిమెంట్. కొత్త ప్రాజెక్టయితే ఏపీ రెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) సైట్‌లో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూసుకోండి.