అట్ట లేని ఇంద్రజాల్ బైండు: కథ ఏ ఏడాదిదో ఇలా తేల్చాను

చిత్తూరులో పాత పేపర్ల అంగడిలో దొరికిన, ఇంద్రజాల్ కామిక్స్ అనే బొమ్మల కథల పత్రిక సంచికలు కలిపి కుట్టిన బైండు అది. అట్టలు లేవు, కథల పేర్లు లేవు. ఒక లోపలి పేజీ అడుగున 1971 అని మాత్రం ఉంది. ఇంద్రజాల్ 1964లో మొదలైంది. అందులో వచ్చిన, లీ ఫాక్ రాసిన ముసుగు వీరుడు ఫాంటమ్ కథలు అంతకుముందే అమెరికా పత్రికల్లో స్ట్రిప్పులుగా, అంటే రోజుకో వారానికో కొన్ని బొమ్మల చొప్పున, వచ్చినవి. నా చేతిలోది ఏ ఏటి కథ?

తిరుపతిలో తెలిసిన బైండింగ్ ఆయన కుట్టు విప్పి ఇచ్చాడు. పేజీలు విడిపోయాక, కుట్టులో దాగిన ఒక బొమ్మ మూలన చెరపకుండా మిగిలిన చీమంత అంకెలు కనిపించాయి: 5-14. తర్వాతి పేజీలో 5-21. అవి స్ట్రిప్పు పత్రికలో వచ్చిన తేదీలు. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు కాబట్టి మే 14, మే 21. కథ తెగకుండా సాగుతోంది, మధ్యలో తేడా సరిగ్గా వారం. అంటే ఇది రోజువారీది కాదు, వారానికోసారి వచ్చే ఆదివారం స్ట్రిప్పే.

బొమ్మలు ఫాంటమ్ చిత్రకారుడు సై బారీవి. ఆ గీత చూస్తే గుర్తుపట్టేయొచ్చు. ఆయన రోజువారీ స్ట్రిప్పు అందుకున్నది 1961లో, ఆదివారాలది ఆ తర్వాత. అక్కణ్ణుంచి 1971 దాకా మే 14 ఆదివారం పడిన ఏడాది 1967 ఒక్కటే.

ఆ నెల స్ట్రిప్పులు సంపాదించి పక్కపక్కన పెట్టి చూశాను. కథ అదే. పేజీలో ఇమడ్చడానికి కొన్ని బొమ్మలు తీసేశారు, అవే నాకు ఇన్నాళ్లూ అర్థంకాని చోట్లు. పాత బైండు దొరికితే దయచేసి అంచులు కత్తిరించకండి.