క్లచ్ తొక్కినా గేరు పడటం లేదా? పిల్లలను కసరే ముందు కాలి కింద చూడండి

18 ఏళ్లు నిండి, లెర్నర్ లైసెన్సు చేతికి వచ్చి, బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు అంటించిన తర్వాతి సంగతి రాస్తున్నాను. అంతకన్నా చిన్నవాళ్లకు స్టీరింగ్ ఇవ్వకండి. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షను కింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

నేను హనుమకొండలో ఉంటాను. చాలా ఏళ్లుగా బంధువుల పిల్లలకూ మా వీధి పిల్లలకూ గేర్ల కారు నేర్పుతున్నాను. ఇంజినీరింగ్ మొదటి ఏడాది సెలవులు వచ్చాయంటే పొద్దున ఆరు గంటలకల్లా హసన్‌పర్తి వైపు వెంచర్లలో ఎల్ బోర్డు కార్లు కనిపిస్తాయి. వాటి పక్క సీట్లలోంచి ఒకటే మాట వినిపిస్తుంది: "ఎన్నిసార్లు చెప్పాలి? క్లచ్ పూర్తిగా తొక్కు!" ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకో కింద చెబుతాను. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ ఎక్కడుంటాయో, గేర్లు ఏ వరుసలో ఉంటాయో తెలుసనుకునే రాస్తున్నాను.

బండి కదిలేలోపే ఇంజన్ ఆగిపోతోంది

ముందు సీటు చూడండి. పది మందిలో తొమ్మిది మంది ఇది చూడకుండానే పాఠం మొదలుపెడతారు. నాన్న కూర్చునే దూరంలో సీటు అలాగే ఉంటుంది, పిల్ల దాని అంచుకు జరిగి మునివేళ్లతో క్లచ్ అందుకుంటుంది. మునివేళ్లకు చిక్కిన పెడల్ అదుపులో ఉండదు. అది స్ప్రింగు బలంతో ఒక్కసారిగా పైకి తన్నుకొస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. వీపు సీటుకు ఆనించి కూర్చుని క్లచ్‌ను నేలదాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కాస్త వంగి ఉండాలి. కాలు నిటారుగా సాగిందంటే సీటు ముందుకు జరపాల్సిందే. ఎత్తు చాలకపోతే సీటు మీద గట్టి దిండు వేయండి. మెత్తటిది వేస్తే క్లచ్ తొక్కినప్పుడల్లా మనిషి వెనక్కి కుంగిపోతారు.

సీటు సరిచేసినా ఆగిపోతుంటే తర్వాతి కారణం మీ నోట్లో ఉంది. మనం "క్లచ్ వదులు" అంటాం. తెలుగులో వదలడమంటే చేతిలోది విడిచేయడమే. పిల్లలు మీరు చెప్పినట్టే చేస్తున్నారు, విడిచేస్తున్నారు. నేను ఆ మాట మానేసి "పాదాన్ని పైకి రానివ్వు, రానివ్వు, అక్కడ నిలుపు" అంటున్నాను. బానెట్ కాస్త లేచినట్టు, ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కినట్టు అనిపించే చోటే పాదం నిలవాలి. రెండు లెక్కపెట్టాక మిగతాది పైకి రావాలి. ఈ ఒక్క మాట మార్చుకున్నాక మొదటి రోజే బండి కదిలించిన పిల్లలను చాలామందిని చూశాను.

సాధనకు చదునైన నేల చాలు. యాక్సిలరేటర్ జోలికే పోవద్దు. ఇప్పటి పెట్రోలు కార్లలో ఇంజన్ తగ్గిపోతుంటే కంప్యూటరే దాన్ని నిలబెడుతుంది, అందుకే క్లచ్ నెమ్మదిగా పైకి వస్తే రేజ్ ఇవ్వకపోయినా బండి కదులుతుంది. అలా కదిలించడం, ఆపడం ఇరవై సార్లు చేయించండి. పాదానికి క్లచ్ తెలిసొచ్చాక రెండో పాదానికి పని చెప్పండి.

బండి గెంతుతూ కదులుతోంది

క్లచ్ సగంలో ఉన్నప్పుడు పాదం వణకడమే కారణం. తొడతో కాలంతా లేపి ఆడించేవాళ్లకు ఇలా అవుతుంది. మడమను నేలకు ఆనించి చీలమండతో ఆడించమనండి. హవాయి చెప్పులు విప్పించండి, వెనక పట్టీ ఉన్నవో బూట్లో వేయించండి. నడక వేగంలో రెండో గేరులోనే ఉండిపోయినా బండి గెంతుతుంది, మొదటి గేరుకు వస్తే సరిపోతుంది.

క్లచ్ పూర్తిగా తొక్కుతున్నామంటున్నారు, గేరు మాత్రం గరగరమంటోంది

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాల్సింది దీని గురించే. నేను దెబ్బ తిన్నది ఇక్కడే, ఒక పిల్లను అన్యాయంగా ఏడిపించిందీ ఇక్కడే.

లక్షణాలు ఇలా ఉంటాయి. మొదటి పది నిమిషాలు అంతా బాగుంటుంది. తర్వాత రివర్స్ గేరు వేయబోతే పళ్లు కొరికినట్టు శబ్దం వస్తుంది. ఇంకాసేపటికి మొదటి గేరు కూడా మొరాయిస్తుంది, బలంగా తోస్తేగానీ పడదు. ఒక్కోసారి గేరులో ఉండి క్లచ్ నేలదాకా తొక్కినా బండి చీమ నడకలో ముందుకు జరుగుతుంది. పెద్దవాళ్లు సీట్లోకి మారి చూస్తే గేర్లన్నీ వెన్నలా పడతాయి. దాంతో తీర్పు అయిపోతుంది: బండిలో ఏమీ లేదు, లోపం పిల్లలదే.

మా అక్క కూతురి విషయంలో నేనూ అదే తీర్పు ఇచ్చాను. బండి మా బావది. ఎనిమిదేళ్లుగా ఆయన చేతిలో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. నాలుగు రోజుల పాటు రోజూ అదే గరగర. "పూర్తిగానే తొక్కుతున్నాను మామా" అని ఆ పిల్ల ఎంత చెప్పినా నేను నమ్మలేదు. మూడో రోజు బండిని గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ నడిపి చూశాడు, బాగానే ఉంది. అయినా క్లచ్ కేబుల్ బిగించి 900 రూపాయలు తీసుకున్నాడు, ఇంకా ఇలాగే ఉంటే క్లచ్ ప్లేటు మార్చాలన్నాడు. నాలుగో రోజు మళ్లీ గరగరమంది. ఆ పిల్ల స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో, "నేను నేర్చుకోను" అంది.

ఆ క్షణంలో ఆమె కాలు ఇంకా క్లచ్ మీదే ఉంది. తీయవద్దని చెప్పి, దిగి అటువైపు వెళ్లి, తలుపు తెరిచి ఫోను లైటు వేసి చూశాను. నల్లటి రబ్బరు మ్యాట్ అంచు లేచి, మడత పడి, క్లచ్ పెడల్‌కూ నేలకూ మధ్య ఇరుక్కుని ఉంది. బొటనవేలంత మందం. ఆ పిల్ల నిజంగానే పూర్తిగా తొక్కుతోంది. పెడలే పూర్తిగా కిందికి వెళ్లడం లేదు. మడతను విప్పి చూస్తే రబ్బరు మీద, పెడల్ కొస తగిలిన చోట, నెలవంక ఆకారంలో నున్నగా అరిగిన గుర్తు ఉంది. దాని చుట్టూ రబ్బరు గీతలు అలాగే ఉన్నాయి, ఆ నెలవంకలో మాత్రం లేవు.

ఆ వర్షాకాలంలో బురదకు తట్టుకుంటుందని బావ కంపెనీ ఇచ్చిన మ్యాట్ మీదే ఇంకో రబ్బరు మ్యాట్ వేశారు. కింది దానికి కొక్కెం ఉంది, పైదానికి లేదు. ఆయన పొడగరి, కాలు పైనుంచి దించి తొక్కుతారు, మడమ మ్యాట్‌ను తోయదు. ఈ పిల్ల పొట్టిది, మడమ నేలకు ఆనించమని నేనే చెప్పాను. తొక్కిన ప్రతిసారీ ఆ మడమ మ్యాట్‌ను నూలంత ముందుకు నెడుతుంది. యాభైసార్లు తొక్కేసరికి మ్యాట్ పెడల్ కిందికి చేరుతుంది. మొదటి పది నిమిషాలు బాగుండటానికి కారణం అదే. సీట్లు మారేటప్పుడు దిగే కాలు, ఎక్కే కాలు కలిసి మ్యాట్‌ను వెనక్కి లాగేస్తాయి. మనం తొక్కి చూసేసరికి అడ్డు మాయమవుతుంది. మెకానిక్‌కు దొరకకపోవడానికీ అదే కారణం.

క్లచ్ చివరి అంగుళం కిందికి వెళ్లకపోతే ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పట్టు పూర్తిగా విడిపోదు. లోపలి పళ్ల చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ముందుకు వెళ్లే గేర్లలో వేగాలను కలిపే సింక్రోనైజర్ ఉంటుంది కాబట్టి అవి కొంత ఓర్చుకుంటాయి. చాలా కార్లలో రివర్స్‌కు అది ఉండదు, అందుకే మొదటి కేక అక్కడినుంచే వస్తుంది. రివర్స్ గరగరమన్న రోజే మ్యాట్ చూస్తే మిగతాదంతా తప్పుతుంది.

పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, నేర్చుకునేవారినే సీట్లో ఉంచి గేర్లన్నీ వేయించండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సులువుగా పడుతూ, ఇంజన్ తిరుగుతున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదన్నమాట. ఇప్పుడు ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, వాళ్ల కాలు క్లచ్ మీదే నేలదాకా ఉంచమని మీరు బయటినుంచి లైటు వేసి చూడండి. వాళ్లను దింపకండి. దింపితే సాక్ష్యం చెరిగిపోతుంది. ఇంకో మాట, ఇది పాఠం మొదట్లో కాదు, గరగర వచ్చిన వెంటనే చేయాలి.

పైమ్యాట్ తీసి డిక్కీలో పడేయండి. డ్రైవరు కాళ్ల దగ్గర ఒకే మ్యాట్ ఉండాలి, అది ఆ కారుకే సరిపడేదై ఉండాలి, కొక్కెం నేలకు తగిలి ఉండాలి. కొక్కెం విరిగితే కొత్తది కొనండి, గమ్ము టేపుతో అంటించకండి, ఎండలో టేపు జారిపోతుంది. వాటర్ వాషింగ్ చేయించాక మ్యాట్ మీద పరిచే కాగితాన్ని బండి ఎక్కకముందే తీసేయండి. తడి కాగితం రబ్బరుకన్నా ఎక్కువ జారుతుంది. సీటు కింద నీళ్ల సీసా పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానండి.

ఇది గేరు శబ్దంతో పోయే విషయం కాదు. ఈ రోజు క్లచ్ కింద దూరిన మ్యాట్ రేపు బ్రేకు కింద దూరవచ్చు, యాక్సిలరేటర్‌ను తొక్కిపట్టి ఉంచవచ్చు. 2009లో అమెరికాలో టొయోటా సంస్థ యాక్సిలరేటర్ మ్యాట్‌కు చిక్కుకుంటుందన్న కారణంతోనే దాదాపు 38 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది, మ్యాట్లు తీసేయమని యజమానులకు చెప్పింది. నేర్చుకునే పిల్లల చేతుల్లో అలాంటిది జరిగితే సర్దుకునే అనుభవం వాళ్లకు ఉండదు.

మ్యాట్ తీశాక మా అక్క కూతురు రివర్స్ వేసింది. చప్పుడే లేదు. నేను ఆమెకు క్షమాపణ చెప్పాను, ఆమె తల్లిదండ్రుల ముందు కూడా చెప్పాను. పిల్లలు ఒక మాట నాలుగు రోజులు మార్చకుండా చెబుతుంటే ఆ మాటను పరీక్షించాలి.

ఎత్తులో బండి వెనక్కి పోతోంది

కాజీపేట వైపు వెళ్తుంటే ఫాతిమానగర్ రైల్వే వంతెన ఎక్కే చోట బండ్లు ఆగాయంటే కొత్తవాళ్లకు చెమటలు పడతాయి. వెనక ఆర్టీసీ బస్సు ఉంటే చెప్పనక్కర్లేదు. ఇక్కడ కాళ్ల వేగం మీద ఆధారపడకండి, హ్యాండ్ బ్రేక్ వాడటం నేర్పండి. హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరు వేసి, కాస్త రేజ్ ఇచ్చి, బానెట్ లేచేదాకా క్లచ్ పైకి రానిచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించాలి. బండి నిలబడి ఉంటుంది లేదా ముందుకు కదులుతుంది, వెనక్కి మాత్రం పోదు. దీన్ని వంతెన మీద మొదలుపెట్టకండి. బండ్లు రాని చిన్న ఏటవాలు చోట ఒక పూట చేయించి, ఆ తర్వాత ఆదివారం పొద్దున వంతెనకు తీసుకెళ్లండి. మిర్చి బస్తాల ట్రాక్టర్లు బారులు తీరే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల మార్కెట్ దారి వైపు అసలే వద్దు.

ఎత్తులో హాఫ్ క్లచ్‌తో బండిని నిలిపి ఉంచితే కాలిన వాసన వస్తుంది. అది క్లచ్ ప్లేటు వాసన. న్యూట్రల్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, పావుగంట ఆగండి.

మూడో గేరు వేయబోతే మొదటిది పడుతోంది

గేర్ రాడ్‌ను పిడికిలితో పట్టుకుని ఎడమవైపుకే నొక్కి ఉంచడమే కారణం. రెండో గేరు నుంచి న్యూట్రల్‌లోకి వచ్చాక రాడ్‌ను కాస్త సడలిస్తే లోపలి స్ప్రింగులే దాన్ని మూడు, నాలుగు గేర్ల వరుసలో నిలబెడతాయి. అక్కడినుంచి అరచేతితో నేరుగా ముందుకు తోయమనండి. ఒక్క పూటలో పోయే అలవాటు.

ఇవేవీ కాకపోతే

కేబుల్ సాగడం, హైడ్రాలిక్ క్లచ్ అయితే నూనె కారడం, ప్లేటు అరగడం మిగులుతాయి. నేర్చుకునే రోజుల్లో ఇవి అరుదు. వీటిలో ఏదైనా ఉంటే మీరు నడిపినా తెలుస్తుంది. గ్యారేజీకి వెళ్లక తప్పనప్పుడు పిల్లలను కూడా వెంట తీసుకెళ్లండి. మెకానిక్ తన కాలితో తొక్కి చూసే ముందు, వాళ్ల కాలితో తొక్కించి పెడల్ ఎక్కడిదాకా దిగుతోందో చూడమనండి.