కేసు కంప్యూటర్లో ఉంది, కానీ దొరకడం లేదు

విజయవాడలో ఒక పోలీస్ స్టేషన్లో రైటర్‌గా ఎఫ్ఐఆర్‌లు ఎంట్రీ చేసేది నేనే. దేశంలోని స్టేషన్లన్నిటినీ కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్ సీసీటీఎన్ఎస్ 2009లో మంజూరైంది. ఇన్నేళ్లయినా "సిస్టమ్‌లో రావట్లేదండీ" అన్న మాట వినని రోజు లేదు. నేను చూసినంతలో ఎక్కువసార్లు తేడా మొదటి ఎంట్రీలోనే ఉంటుంది.

పోయిన బండి వెతికితే రికార్డు లేదని వస్తోంది

గుంటూరు మిర్చి యార్డులో హమాలీ పని చేసే ఒకాయన బైక్ విజయవాడలో పోయింది. నాలుగు నెలలు మా గుమ్మం తొక్కాడు. ఆ బండి ఈలోపు ఇంకో స్టేషన్ పెరట్లో వేపచెట్టు కింద అన్‌క్లెయిమ్డ్‌గా పడి ఉంది. దొంగ నంబర్ ప్లేటు మార్చేశాడు. ప్లేటుతో దొరకకపోయినా చాసిస్ నంబర్‌తో దొరకాలి కదా! దొరకలేదు, ఎందుకంటే మా ఎంట్రీలో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' (O) అక్షరం పడింది. ఆ ఒక్క మీట కోసం ఆయన ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పటి బండ్ల చాసిస్ నంబర్‌లో 17 అంకెలు, అక్షరాలు ఉంటాయి. వాటిలో ఐ, ఓ, క్యూ అక్షరాలు రానే రావు. కాబట్టి ఓ కనిపిస్తే అది సున్నా, ఐ కనిపిస్తే ఒకటి. ఆర్సీ చూసి ఎంట్రీ చేశాక ఒకరు చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూడాలి. వెతికేటప్పుడు దొరక్కపోతే చాసిస్, ఇంజిన్ నంబర్లు విడివిడిగా ఇచ్చి చూడండి. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అనుకుని పక్క జిల్లాలు వదిలేయొద్దు. 2019లో ఏపీ 39 వచ్చాక ప్లేటు చూసి జిల్లా చెప్పలేం.

పాత నిందితుడి పేరు కొడితే రావడం లేదు

వెంకటేశ్వర్లుని ఇంగ్లీషులో ఒక రైటర్ ఎస్‌తో రాస్తాడు, ఇంకొకరు ఎస్‌హెచ్‌తో రాస్తారు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. పూర్తి పేరు కొట్టకండి. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు, తండ్రి పేరు, ఊరు ఇవ్వండి. వయసు కచ్చితంగా ఇవ్వకుండా ఐదేళ్లు అటూఇటూ పెట్టండి. వచ్చినవాళ్లలో మనవాడు ఎవరో ఫొటో, పుట్టుమచ్చలు చూసి తేల్చుకోవాలి. పేరు కలిసిందని ఇంకొకరి కేసు అంటగడితే ఆ మనిషి బతుకు చిక్కుల్లో పడుతుంది.

ఎఫ్ఐఆర్ కట్టారన్నారు, వెబ్‌సైట్లో లేదు

2016లో సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పెట్టాలంది. నెట్‌వర్క్ అందని చోట్ల 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో లాంటి సున్నితమైన కేసులు అసలు పెట్టరు, పెట్టకూడదు కూడా. ఫిర్యాదు ఇచ్చినవాళ్లు దానికోసం ఎదురుచూడక్కర్లేదు, కాపీ స్టేషన్లోనే ఉచితంగా ఇవ్వాలి.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపి నంబర్ రాలేదంటారా? మూడు రోజుల్లో వచ్చి సంతకం చేశారో లేదో చూసుకోండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం సంతకం పడ్డాకే అది రికార్డుకెక్కుతుంది.

చార్జిషీటు వేశాక కూడా "దర్యాప్తులో ఉంది" అనే చూపిస్తోంది

చార్జిషీటు బయట టైపు చేసి, ప్రింటు తీసి కోర్టులో వేసేయడమే దీనికి కారణం. కోర్టు కేసుకు ఇచ్చే సీసీ నంబర్‌ని కోర్టు కానిస్టేబుల్ చీటీ మీద రాసుకొస్తాడు, అది సీడీ (కేస్ డైరీ) ఫైల్లో పిన్ను కింద ఉండిపోతుంది. ఫైనల్ రిపోర్టు, అంటే చార్జిషీటు, సిస్టమ్‌లోనే తయారుచేసి అక్కడి నుంచే ప్రింటు తీయండి. సీసీ నంబర్ వచ్చిన సాయంత్రమే ఎక్కించండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని అదే సంహిత 193వ సెక్షన్ అంటోంది. తెర మీద పాత మాట ఉంటే మనం చెప్పేదీ పాత మాటే అవుతుంది.

నెట్ పోయింది, ఫిర్యాదుదారు ఎదురుగా ఉన్నారు

రేపు రమ్మని పంపకండి. ఫిర్యాదు తీసుకుని, టైముతో సహా జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టర్లో) రాయండి. లైన్ వచ్చాక అదే వరుసలో ఎక్కించండి.