వరద వార్తలో నీటి లెక్కకు పోలిక రాయడం ఎలా?

‘లక్ష క్యూసెక్కులు’ అని రాసి వదిలేస్తే ఎంత నీరో చాలామందికి అందదు. ముందు అది ప్రవాహమా, నిల్వా తేల్చుకోండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. తప్పులు దొర్లేది ఇక్కడే: ‘జలాశయంలో లక్ష క్యూసెక్కుల నిల్వ’ అన్న మాటకు అర్థమే లేదు. లక్ష క్యూసెక్కులు 24 గంటలూ పారితే 8.64 టీఎంసీలవుతాయి.

ప్రవాహానికి పదివేల లీటర్ల ట్యాంకర్ బాగా కుదురుతుంది. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 283 ట్యాంకర్లు. నిల్వకు అదే పోలిక వాడకండి. ఒక్క టీఎంసీకే ట్యాంకర్లు 28 లక్షలు దాటతాయి, ఆ సంఖ్య ఎవరి ఊహకూ అందదు. పొలం లెక్క చెప్పండి: ఒక టీఎంసీ సుమారు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తుంది. పోలిక పక్కనే అసలు అంకె కూడా ఉండాలి.