బయోటెక్‌లో బయోకెమిస్ట్‌గా చేరాలన్నా, ఎదగాలన్నా ఏం పట్టుబడాలి?

బయోటెక్ కంపెనీ బయోకెమిస్ట్ నుంచి మొదట ఆశించేది నమ్మదగిన అంకె. మీరు చూపించిన ఫలితం వచ్చే నెల ఇంకొకరు చేసినా అలాగే రావాలి. డిగ్రీ, పేపర్లు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తాయి, అంతే.

ఎమ్మెస్సీతో వెళ్తే సాధారణంగా రీసెర్చ్ అసోసియేట్‌గా, పీహెచ్‌డీతో అయితే సైంటిస్ట్‌గా చేరతారు. ఆపైన సీనియర్, ప్రిన్సిపల్ సైంటిస్ట్. అక్కడి నుంచి కొందరు టీములు నడిపే వైపు వెళ్తారు, కొందరు ల్యాబ్ బెంచ్‌కు దగ్గరగానే ఉండిపోతారు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం చేసే పరిశోధన) అందరికీ అక్కర్లేదు. మీకు రాని టెక్నిక్ ఏదైనా అక్కడ దొరుకుతుందంటేనే చేయండి.

దరఖాస్తు పెట్టేలోపు ఒక ప్రోటీన్‌ను ఎక్స్‌ప్రెషన్ (కణాల్లో దాన్ని తయారుచేయించడం) నుంచి యాక్టివిటీ (అది పనిచేస్తోందని చూపడం) దాకా సొంతంగా చేసి ఉండండి. హిస్ ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే చిన్న తోక) ఉన్న ప్రోటీన్ అయితే నికెల్ కాలమ్‌ను 20 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో (నికెల్ కోసం ఆ తోకతో పోటీపడే రసాయనం) కడిగి, 250తో ప్రోటీన్‌ను దించడం మంచి ఆరంభం. ప్రోటీన్ మొత్తం కాలమ్‌కు అంటుకోకుండా ఫ్లోత్రూలోనే (కాలమ్ దాటి వచ్చేసే ద్రవం) వచ్చేసిందా? ముందు ప్రొటియేజ్ ఇన్‌హిబిటర్ (ప్రోటీన్ ముక్కలు కాకుండా కాపాడే) ట్యాబ్లెట్ డబ్బా చూడండి. అందులో ఈడీటీఏ ఉంటే కాలమ్‌లోని నికెల్‌ను లాగేస్తుంది. తర్వాత సైజ్ ఎక్స్‌క్లూజన్ (పరిమాణాన్ని బట్టి వేరుచేసే కాలమ్) తప్పనిసరి. జెల్ మీద ఒకే బ్యాండ్ కనిపించినంత మాత్రాన ప్రోటీన్ ముద్దకట్టలేదని కాదు.

అసలు పరీక్ష అస్సే (ఎంజైమ్ పనిని అంకెల్లో కొలిచే ప్రయోగం) దగ్గరే. ఎంజైమ్ వేగాన్ని సబ్‌స్ట్రేట్‌లో (ఎంజైమ్ మార్చే పదార్థం) 10 శాతం ఖర్చయ్యేలోపే కొలవాలి, ఆ తర్వాత గీత వంగిపోతుంది. సబ్‌స్ట్రేట్‌ను కేఎం విలువకు (ఎంజైమ్ తన గరిష్ఠ వేగంలో సగంతో పనిచేసే సబ్‌స్ట్రేట్ గాఢత) దగ్గరగా ఉంచండి. మరీ ఎక్కువైతే, దానితో పోటీపడే ఇన్‌హిబిటర్ (ఎంజైమ్‌ను ఆపే మాలిక్యూల్) నిజంగా ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తుంది. మాలిక్యూల్స్‌ను కరిగించే డీఎంఎస్‌ఓ ద్రావణి శాతం కంట్రోల్ వెల్స్‌లోనూ (పోలిక కోసం ఉంచే ప్లేట్ గుంటలు) అంతే ఉండాలి. ప్లేట్ మొత్తానికి జెడ్ ప్రైమ్ (పాజిటివ్, నెగటివ్ కంట్రోల్స్ ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పే అంకె) లెక్కకట్టండి. 0.5 దాటితే స్క్రీనింగ్‌కు పనికొస్తుంది. దాటకపోతే అంచు వెల్స్ ఆవిరైపోతున్నాయేమో, పిపెట్ క్యాలిబ్రేషన్ తప్పిందేమో చూశాకే ఎంజైమ్‌ను అనుమానించండి.

ఇంటర్వ్యూలో చాలామంది తడబడే చోటు ఒకటుంది. అస్సేలో 10 నానోమోలార్ యాక్టివ్ ఎంజైమ్ ఉంటే, ఇన్‌హిబిటర్ ఎంత గట్టిదైనా ఐసీ50 విలువ (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే ఇన్‌హిబిటర్ గాఢత) 5 నానోమోలార్ కన్నా తగ్గదు. సగం ఎంజైమ్‌ను ఆపడానికి కనీసం అంతే సంఖ్యలో ఇన్‌హిబిటర్ అణువులు కావాలి కదా! అక్కడికి చేరాక కొత్త మాలిక్యూల్స్‌లో ఏది మెరుగో ఆ అస్సే చెప్పలేదు. ఎంజైమ్ తగ్గించాలి, లేదా పద్ధతి మార్చాలి. మీ డేటాలో ఇది మీరే ముందుగా ఎత్తి చూపిస్తే ఎదుటివాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

నోట్‌బుక్ ఏ రోజుకారోజే రాయాలి: లాట్ నంబరు, ఇన్‌స్ట్రుమెంట్, విఫలమైన రన్‌లతో సహా. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ వేయండి. చెరపకండి. క్వాలిటీ కంట్రోల్‌లోకి మారాలనుకునేవాళ్లకు ఈ అలవాటే సగం అర్హత.

జాబ్ టాక్‌లో (ఇంటర్వ్యూలో మీ పని గురించి ఇచ్చే ప్రసంగం) “మేము చేశాం” అంటూ పోకండి. ఏ ప్రయోగం మీ చేతులతో చేశారో, ఏ నిర్ణయం మీదో స్పష్టంగా చెప్పండి. పాత సంస్థ బయటపెట్టని మాలిక్యూల్ నిర్మాణాలు మాత్రం స్లైడ్లలో వద్దు. ఒకరి రహస్యం చూపించినవారిని ఇంకొకరు నమ్మరు.

రెజ్యూమెలో “ప్రోటీన్ ప్యూరిఫికేషన్ వచ్చు” అంటే ఏమీ తెలియదు. ఏ ప్రోటీన్, లీటరు కల్చర్‌కు ఎన్ని మిల్లీగ్రాములు, ఎంత శాతం శుద్ధి, ఏ అస్సేతో నిర్ధారించారు అన్నవి రెండు వరుసల్లో రాయండి.