రాలిన జింక కొమ్ములు దొరకాలంటే ముందు నడక తగ్గించండి

అమెరికాలో మంచు కరిగే టైమ్‌కి అడవుల్లో చాలామంది తల దించుకుని నేలంతా గాలిస్తూ కనిపిస్తారు, వాళ్ళు వెతికేది జింకలకి ఊడిపోయిన కొమ్ముల కోసం. దీన్ని షెడ్ హంటింగ్ అంటారు, పేరులో వేట ఉంది గానీ ఇందులో చంపేదేం లేదు. ఆవు కొమ్ములా కాదు, మగ జింకకి ప్రతి ఏడూ పాతవి రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. జతకట్టే సీజన్ అయిపోయాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గిపోయి కొమ్ము మొదట్లో ఎముక కరిగి వదులైపోద్ది, అంతే, ఒకరోజు ఊడి పడిపోద్ది. వైట్‌టెయిల్ అనే తెల్ల తోక జింకలకైతే ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్యలో, ఎల్క్ అనే పెద్ద జాతి జింకలకి మార్చి, ఏప్రిల్‌లో.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పేంటంటే అడవంతా తిరిగేస్తారు. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే తిరిగా, కాళ్ళ నొప్పులే మిగిలాయి. అలా కాదు, చలికాలంలో జింక ఎక్కడ తిన్నదో ఎక్కడ పడుకున్నదో ముందు పట్టుకోండి. తిండంటే కోసేసిన మొక్కజొన్న చేలు, సోయా చేలు. పడకంటే దక్షిణం వైపు ఎండ బాగా తగిలే వాలు, లేదా గాలి దూరని పైన్ చెట్ల గుబురు, అక్కడ ఆకులు అణిగిపోయి కోలగా గుంట కనిపిస్తది. ఆ రెంటి మధ్య నడిచిన దారి పట్టుకుని వెళ్ళండి, దారిలో కంచె గానీ చిన్న వాగు గానీ వస్తే అక్కడ ఆగి రెండు వైపులా బాగా చూడండి, దూకినప్పుడు ఆ కుదుపుకి వదులుగా ఉన్న కొమ్ము ఊడి పడుతుంటది.

వెళ్ళేది మబ్బు పట్టిన రోజు అయితే బెస్ట్, వాన పడి ఆకులు తడిసి నల్లబడి ఉంటే ఇంకా మంచిది, కొమ్ము తేలిగ్గా బయటపడుద్ది. ఎండలో కొమ్మల నీడలతో కన్ను మోసపోద్ది. ఇంకోటి, మొత్తం కొమ్ము కోసం చూడొద్దు, అలా ఎప్పుడో గానీ కనిపించదు. ఆకుల్లోంచి వేలెడంత మొన ఒకటి నున్నగా పైకి లేచి ఉంటది, ఎండు పుల్లకి అంత నునుపు రాదు, ఆ తేడా ఒకసారి కంటికి అలవాటైతే చాలు. చేతిలోకి తీసుకుని మొదలు చూడండి, చుట్టూ బుడిపెల రింగు ఉంటది. రంగు గోధుమగా ఉంటే ఈ ఏడాదిది, తెల్లగా సుద్దలా అయిపోయి పగుళ్ళుంటే పాతది. అంచుల్లో జంటగా సన్నటి గాట్లుంటే ఎలుకలో ఉడతలో కాల్షియం కోసం కొరికినట్టు. అందుకే మరీ లేట్ చేయొద్దు, పైగా గడ్డి లేచిందంటే ఇంక కనపడవు.

అలాగని తొందరపడొద్దు కూడా, ఇది మాత్రం దయచేసి వినండి. చలికాలం చివరికి జింక ఒంట్లో కొవ్వంతా కరిగిపోయి ఉంటది, మనల్ని చూసి నాలుగుసార్లు పరిగెత్తిందంటే అది బతకడమే కష్టం. జింకలు ఇంకా అక్కడే ఉంటే వెనక్కి వచ్చేయండి, బైనాక్యులర్స్‌తో దూరం నుంచే ఓసారి చూసుకుంటే సరిపోద్ది. కుక్కని తీసుకెళ్తే గొలుసు విప్పి వదలొద్దు.

రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. వయోమింగ్ పడమటి వైపు చాలా ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏరకూడదు, యూటాలో సీజన్ మొదట్లో వెళ్ళాలంటే ఆన్‌లైన్ కోర్సు చేయాలి, ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో అయితే ఎప్పుడూ తీసుకోకూడదు. ప్రైవేట్ భూమైతే ఓనర్‌ని అడగాల్సిందే. పుర్రెతో సహా దొరికితే అది రాలింది కాదు, చచ్చిన జింకది, ముట్టుకోకుండా ముందు అక్కడి వైల్డ్‌లైఫ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి.

ఒకటి దొరికితే వెంటనే కదలకండి, అక్కడే బ్యాగ్ పెట్టి దాని చుట్టూ గుండ్రంగా పెంచుకుంటూ తిరగండి, రెండోది దగ్గర్లోనే ఉండొచ్చు. దొరికినా దొరక్కపోయినా ఆ చోటుని ఫోన్ మ్యాప్‌లో పిన్ పెట్టుకోండి, చలికాలంలో జింకలు చాలావరకు అవే చోట్లకి మళ్ళీ వస్తాయి.