కెపాసిటివ్ ప్రెషర్ సెన్సర్ తప్పు చూపిస్తోందా? ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

ముందు ఒక లెక్క. అల్యూమినా (ఒక సిరామిక్) డయాఫ్రం, అంటే ఒత్తిడికి వంగే పలుచని బిళ్ల, వ్యాసం 18 మి.మీ., మందం 0.35 మి.మీ. అనుకుందాం. దానికి ఎదురుగా, 30 మైక్రాన్ల గ్యాప్‌లో 10 మి.మీ. ఎలక్ట్రోడ్. ఒత్తిడి లేనప్పుడు ఈ రెండింటి మధ్య కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచే సామర్థ్యం) 23 పీఎఫ్ (పికోఫారడ్లు). 100 కిలోపాస్కల్స్ ఇస్తే డయాఫ్రం మధ్యలో సుమారు 8 మైక్రాన్లు వంగుతుంది, కెపాసిటెన్స్ ఐదున్నర పీఎఫ్ పెరుగుతుంది. అంటే ఒక్క పీఎఫ్ తేడా వస్తే 18 కిలోపాస్కల్స్ తప్పినట్టే.

కేబుల్ ముట్టుకుంటే రీడింగ్ కదులుతోంది
మామూలు కోయాక్సియల్ కేబుల్‌కు (మధ్యలో తీగ, చుట్టూ షీల్డ్ అనే లోహపు తొడుగు) మీటరుకు 100 పీఎఫ్ దాకా ఉంటుంది. షీల్డ్‌ను గ్రౌండ్‌కు కలిపితే అదంతా సెన్సర్‌కు తోడవుతుంది. కేబుల్ వంగి అందులో ఒక్క శాతం మారినా పైన చెప్పిన 18 కిలోపాస్కల్స్ పోతాయి. కొలిచే చిప్‌ను సెన్సర్ వెనకే, 2 సెం.మీ. లోపు పెట్టి, అక్కడి నుంచి డిజిటల్ సిగ్నల్ పంపండి. కేబుల్ తప్పదంటే షీల్డ్‌ను చిప్ షీల్డ్ డ్రైవ్‌కు (షీల్డ్‌ను తీగ వోల్టేజీలోనే ఉంచే పిన్నుకు) కలపండి. కెపాసిటెన్స్ కొలిచే ఎఫ్‌డీసీ1004 చిప్‌లో అది ఉంది. తీగ, షీల్డ్ ఒకే వోల్టేజీలో ఉంటే వాటి మధ్య కరెంటు పారదు.

వేడెక్కితే సున్నా జారుతోంది
చాలామంది చిప్‌ను అనుమానిస్తారు. ముందు గ్యాప్‌లో చిక్కుకున్న గాలిని అనుమానించండి. 20 డిగ్రీల దగ్గర సీల్ చేసిన గాలి 60 డిగ్రీలకు 101 నుంచి 115 కిలోపాస్కల్స్‌కు చేరుతుంది. డయాఫ్రం బయటికి ఉబ్బి రీడింగ్ 14 కిలోపాస్కల్స్ దాకా తగ్గుతుంది. ఓవెన్‌లో పెట్టి చూడండి: తగ్గుదల ఈ అంకెకు దగ్గరగా ఉంటే దొంగ దొరికినట్టే. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు గానీ, 100 కిలోపాస్కల్స్ రేంజిలో ఏడో వంతు దానికే ఖర్చవుతుంది. అబ్సల్యూట్ సెన్సర్ (శూన్యంతో పోల్చి కొలిచేది) అయితే గ్యాప్‌ను వాక్యూమ్‌లో సీల్ చేయాలి. గేజ్ సెన్సర్ (బయటి గాలితో పోల్చి కొలిచేది) అయితే వెనక గాలిరంధ్రం ఉండాలి.

అంకె కలవకపోతే హౌసింగ్ రింగును కాస్త వదులు చేయండి. రీడింగ్ ఎగిరిందంటే బిగింపు ఒత్తిడే కారణం. స్టెయిన్‌లెస్ స్టీలు అల్యూమినా కంటే రెట్టింపుకు పైగా వ్యాకోచిస్తుంది. మధ్యలో ఓ-రింగ్ వేసి, లీకు ఆగేంత వరకే బిగించండి.

వానాకాలంలో రీడింగ్ నిలవడం లేదు
గాలిరంధ్రం గుండా చేరిన తేమ నీరుగా మారింది. నీటి పర్మిటివిటీ (గ్యాప్‌లోని పదార్థం కెపాసిటెన్స్‌ను పెంచే గుణం) గాలికి దాదాపు 80 రెట్లు. 60 డిగ్రీల్లో ఆరబెట్టి, రంధ్రానికి పీటీఎఫ్‌ఈ పొర (గాలిని వదిలి నీటిని ఆపే టెఫ్లాన్ పొర) అతికించండి.

గ్రాఫ్ వంకరగా వస్తోంది
కెపాసిటెన్స్ గ్యాప్‌కు విలోమం కాబట్టి దాని బదులు 1/సి (సి అంటే కెపాసిటెన్స్) తీసుకోండి. అప్పటికీ వంకర పోకపోతే డయాఫ్రం అనుకున్న దానికంటే ఎక్కువ వంగుతోందేమో చూడండి. వంపు మందం ఘనానికి విలోమంగా మారుతుంది: 0.35 బదులు 0.28 మి.మీ. డయాఫ్రం వస్తే వంపు దాదాపు రెట్టింపు. అందుకే ప్రతి లాట్‌లో మైక్రోమీటరుతో మూడు చోట్ల మందం కొలవండి.